ఫ్యామిలీ రూమ్ కలదు

మొన్న సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు మా మూడేళ్ళ పిల్లని తీసుకుని బార్కాస్ వెళ్ళాం, మండీ తినడానికి. నేల మీద పరుపు, ఆనుకోవడానికి దిండ్లు, మూడువైపులా చెక్క గోడ, నాలుగోవైపు కర్టెన్. అది చూడగానే మా పిల్ల చెప్పులు విసిరేసి "నాన్నా, మన రియాద్ హోటల్!" అని ఒకటే గెంతులు. పుట్టింది హైదరాబాదే అయినా ఊహ తెలిశాక పెరుగుతున్నది అక్కడే కదా. దాని లెక్కలో రియాద్ ఒరిజినల్, బార్కాస్ కాపీ అన్నమాట.

నాకు మాత్రం ఆ కాపీ-పేస్ట్ ఎటునుంచి ఎటు జరిగిందా అని పురుగు తొలిచేసింది.

బార్కాస్ అనే పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో పనిచెయ్యడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల నివాసం అది. మనం ఇప్పుడు గల్ఫ్‌కి వెళ్ళినట్టే వాళ్ళు అప్పట్లో హైదరాబాద్ వచ్చారు, ఎక్కువమంది ఒంటరిగా. జీతం ఇక్కడ, ఇల్లు అక్కడ. ముకల్లా రేవుని ఏలిన అల్ కుఐతీ సుల్తానులు (కువైట్‌తో సంబంధం లేదు లెండి) ఈ ఊళ్ళో నిజాం దగ్గర జమేదార్లు. ఇక్కడ సంపాదించిన డబ్బే అక్కడ వాళ్ళ రాజ్యానికి పునాది, 1967 దాకా నడిచింది ఆ రాజ్యం. మనవాళ్ళు దుబాయ్ డబ్బుతో కరీంనగర్‌లో డాబా కట్టినట్టు, వాళ్ళు హైదరాబాద్ డబ్బుతో ఏకంగా రాజ్యమే కట్టుకున్నారు!

వచ్చినవాళ్ళలో చాలామంది ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. పరాయి దేశంలో, ఆ దేశపు తల్లికి పుట్టిన పిల్లల్ని హద్రమీలు మువల్లద్ అంటారు. ఇప్పుడు మనం ఏబీసీడీలు అంటామే, అలాంటి మాటన్నమాట. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఆ దళాలు రద్దయ్యాయి. కొందరిని వెనక్కి పంపేశారు. ఇక్కడే పిల్లలూ సంసారాలూ ఉన్న చాలామంది ఉండిపోయారు. వాళ్ళతో వచ్చిన హరీస్‌కి మన మసాలా తగిలి హలీం అయింది, 2010లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. బార్కాస్‌లో మాత్రం పాత హరీస్ ఇంకా పొద్దున్నే దొరుకుతుంది. పంచదార వేసిన తీపి రకం కూడా ఉంటుంది, పిల్లలకి బాగుంటుంది.

మరి పిల్లలు హోటల్లో తినేవాళ్ళా అంటే, అది వేరే కథ. పాతబస్తీ హోటల్ అంటే ఇరానీ హోటల్. ఇరాన్ నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చినవాళ్ళు పెట్టినవి. పాలరాతి బల్ల, వంకీల కుర్చీ, అద్దాలు. అక్కడ కూర్చునేది మగాళ్ళే. ఆడవాళ్ళకీ పిల్లలకీ బిర్యానీ ఇంటికి పార్సిల్ వచ్చేది. తర్వాత్తర్వాత మెట్ల పక్కనో, పైఅంతస్తులోనో కర్టెన్లు కట్టి "ఫ్యామిలీ రూమ్ కలదు" అని బోర్డు పెట్టారు. ఆ బోర్డు మన తెనాలి, ఖమ్మం దాకా పాకింది, మీరూ చూసే ఉంటారు. చిన్నప్పుడు నాన్నతో వెళ్తే కింద కూర్చునేవాణ్ణి, అమ్మ కూడా వస్తే పైకి. ఫ్యాన్ తిరిగేది కాదు, సర్వర్ వచ్చేవాడు కాదు.

1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్‌కి దారి తెరుచుకుంది. ఈసారి జనం ఇటునుంచి అటు. పాతబస్తీవాళ్ళకి సౌదీలో కనిపించిన బోర్డు పాతదే! ఒక తలుపు మీద అఫ్రాద్, అంటే ఒంటరి మగాళ్ళు. ఇంకో తలుపు మీద ఆయిలాత్, అంటే ఫ్యామిలీలు. ఇక్కడ హోటల్ వాడి ఇష్టం, అక్కడ రూలు. రెండు తలుపులు ఉండాలన్న ఆ రూలు 2019 డిసెంబర్లో ఎత్తేశారు.

మా ఆఫీసులో చాంద్రాయణగుట్ట సీనియర్ ఒకాయన ఉన్నారు. 2008లో ఒక్కడే వచ్చి రెండేళ్ళు అఫ్రాద్ తలుపులో తిన్నాడట. భార్య వచ్చిన రోజు మొదటిసారి రెండో తలుపు తోశాడట. "ఉస్ దిన్ లగా మియా, మై ఆద్మీ హూఁ" అంటాడు. అప్పట్లో నమాజు వేళకి షట్టర్ దించేసేవాళ్ళు (2021 నుంచి ఆ పద్ధతి సడలింది). ముందే లోపల ఉంటే హాయిగా తింటూ ఉండొచ్చు. బయట ఉండిపోతే ఆకలితో ఏడ్చే పిల్లాడిని ఎత్తుకుని ఫుట్‌పాత్ మీద అరగంట. అందుకే వాళ్ళింట్లో హోటల్ ప్రోగ్రాం అంటే ముందు నమాజు టైంటేబుల్ చూసుకోవడమేనట.

కానీ ఆయన్ని ఆ టేబుల్ దగ్గర్నుంచి లేపింది షట్టర్ కాదు, ఫీజు. 2017 జూలై నుంచి సౌదీలో కుటుంబసభ్యులు ఒక్కొక్కరికి నెలకి 100 రియాళ్ళు కట్టాలన్నారు. ఏటా వంద పెంచుకుంటూ 2020కి 400 చేశారు. భార్యా, ఇద్దరు పిల్లలూ అంటే ఏడాదికి 14,400 రియాళ్ళు. మా ఐటీ జీతాలకే అది చురుక్కుమంటుంది, షాపుల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. చాలా కుటుంబాలు సామాను సర్దుకుని ఇంటికొచ్చేశాయి. మా సీనియర్ కూడా 2019లో వాళ్ళని పంపించేశాడు. సరిగ్గా రెండు తలుపుల రూలు పోయిన ఏడాదే ఆయన మళ్ళీ ఒంటరివాడయ్యాడు. ఇప్పుడు ఏ తలుపులోంచైనా వెళ్ళొచ్చు, పక్కన ఎవరూ లేరంతే.

అలా వచ్చేసిన పిల్లల్లో చాలామందికి ఊహ తెలిసింది జిద్దాలోనో, దమ్మాంలోనో. బార్కాస్ మండీ హోటళ్ళు 2010 తర్వాత అంతగా పెరగడానికి వాళ్ళే కారణం అనను, కానీ ఆ కర్టెన్ల వెనక వాళ్ళు బోలెడుమంది కనిపిస్తారు. మండీ పిల్లలకి సులువు కూడా. గుంత పొయ్యిలో కింద అన్నం, పైన మాంసం, కారం తక్కువ. హై చైర్ అడగక్కర్లేదు, కిందపడేంత ఎత్తే లేదు. ఒకే పళ్ళెం కాబట్టి ఎంత తిన్నారన్న గొడవా లేదు.

నేనైతే కర్టెన్ వేసేసి ప్రశాంతంగా కూర్చున్నా. మా ఆవిడ మాత్రం "పిల్ల ఏడిస్తే నీకు సిగ్గు, అందుకే నీకు కర్టెన్ ముద్దు. నాకు గాలాడట్లేదు" అని సగం తీసేసింది. మా అమ్మ కూడా ఆ రోజుల్లో ఇదే అనుకుని ఉంటుందేమో, ఎప్పుడూ అడగలేదు.

తీసిన సగంలోంచి మా పిల్ల బయటికి పారిపోయి పక్క క్యాబిన్‌లో దూరింది. అక్కడ ఇద్దరు పిల్లలూ, వాళ్ళమ్మా, ఒక ఫోనూ. ఫోన్‌లో వీడియో కాల్, అవతల ఒకాయన అన్నం తింటున్నాడు, ఒక్కడే.