ఓస్ట్‌మార్క్ ఫుట్‌బాల్ లీగ్ (1938–1945): గ్రంథపాతాలు, ప్రక్షిప్తాలు

ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కులు రెండు. ఉన్న భాగం లోపించడం గ్రంథపాతం. లేని భాగం తరువాతి కాలంలో వచ్చి చేరడం ప్రక్షిప్తం. లేఖకుడు పద్యం పోయినచోట ఖాళీ వదిలితే లోపం కంటికి తెలుస్తుంది. వదలకుండా రాసుకుపోతే ప్రతి సమగ్రంగానే కనిపిస్తుంది. ప్రక్షిప్తాల సంగతి వేరు. అవి చాలాసార్లు మూలం కంటే రసవంతంగా ఉంటాయి కనుక పాఠకులు వాటిని వదులుకోవడానికి ఇష్టపడరు.

సాహిత్య పరిశోధనలో మనకు అలవాటైన ఈ రెండు భావనలు సాహిత్యేతర చరిత్రను చదవడానికి కూడా ఉపకరిస్తాయి. నాజీ పాలనలో ఆస్ట్రియాలో 1938 నుంచి 1945 వరకు నడిచిన ఫుట్‌బాల్ లీగ్ చరిత్రను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఆ లీగ్ పత్రాల్లో ఏది లోపించింది, దాని చుట్టూ తరువాత ఏ కథలు చేరాయి, ఆ కథలు ఆ లోపాన్ని ఎలా కప్పివేశాయి అన్నవి ఇక్కడ చర్చనీయాంశాలు.

గౌలీగా వ్యవస్థ

1933 జనవరిలో హిట్లర్ అధికారానికి వచ్చేనాటికి జర్మనీలో ఫుట్‌బాల్ అనేక ప్రాంతీయ సంఘాల చేతుల్లో ఉండేది. నాజీ ప్రభుత్వం కార్మిక క్రీడా సంఘాలను నిషేధించింది. హన్స్ ఫన్ చామర్ ఉండ్ ఓస్టెన్‌ను క్రీడలకు అధిపతిగా నియమించింది. అదే ఏడాది ప్రాంతీయ పోటీల స్థానంలో 16 గౌలీగాలు ఏర్పడ్డాయి. ‘గౌ’ అనేది నాజీ పార్టీ తన పాలనా విభాగానికి పెట్టుకున్న పేరు. ప్రతి గౌలీగాలోనూ గెలిచిన జట్టు జర్మనీ విజేత స్థానం కోసం మిగిలిన విజేతలతో తలపడేది.

ఈ మార్పు మొత్తం పైనుంచి వచ్చిన ఆజ్ఞల ఫలితమేనని భావించడం సరికాదు. 1933 ఏప్రిల్ 9న దక్షిణ జర్మనీకి చెందిన 14 ప్రముఖ క్లబ్బులు క్రీడాసంఘాల నుంచి యూదులను తొలగించడంలో ప్రభుత్వానికి సహకరిస్తామని ప్రకటించాయి. వాటిలో బయర్న్ మ్యూనిక్ కూడా ఉంది. 1932లో ఆ క్లబ్బు జర్మనీ విజేతగా నిలిచినప్పుడు దాని అధ్యక్షుడు కుర్ట్ లాండవర్ యూదుడు. 1933 మార్చిలో ఆయన పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఐదేళ్ల తరువాత వియన్నాలో జరిగినదానికి పూర్వరంగం ఇది.

దేశం పేరు, లీగ్ పేరు

1938 మార్చి 12న జర్మన్ సైన్యం ఆస్ట్రియాలో ప్రవేశించింది. అప్పటికి వియన్నా ఐరోపాలోని ప్రధాన ఫుట్‌బాల్ కేంద్రాల్లో ఒకటి. 1924లోనే అక్కడ వృత్తి ఆటగాళ్ల లీగ్ ప్రారంభమైంది. కొత్త పాలకులు వృత్తి క్రీడను రద్దుచేశారు. ఆ ఏడాది ప్రపంచ కప్‌కు అర్హత పొందిన ఆస్ట్రియా జట్టు పోటీ నుంచి తప్పుకుంది. దాని ఆటగాళ్లలో కొందరిని చేర్చుకున్న జర్మనీ జట్టు పారిస్‌లో మొదటి దశలోనే స్విట్జర్లాండ్ చేతిలో ఓడిపోయింది.

1938–39 నుంచి ఆస్ట్రియా పోటీలకు ‘గౌలీగా ఓస్ట్‌మార్క్’ అని పేరు వచ్చింది. ఓస్ట్‌మార్క్ అంటే తూర్పు సరిహద్దు ప్రాంతం. పాలకులకు ‘ఆస్ట్రియా’ అన్న మాటే గిట్టలేదు. ఎగువ ఆస్ట్రియా ‘ఎగువ డాన్యూబ్’గా, దిగువ ఆస్ట్రియా ‘దిగువ డాన్యూబ్’గా మారాయి. కొంతకాలానికి ఓస్ట్‌మార్క్ అన్న పేరులోనూ విడి ఉనికి ధ్వనిస్తున్నదని తోచి దానినీ పక్కన పెట్టారు. లీగ్ పేరు ‘డాన్యూబ్–ఆల్ప్స్ ప్రాంతం’ అన్న అర్థం వచ్చేట్టు మారింది. ఒక దేశం నదిగానూ పర్వతంగానూ మిగిలింది.

ఈ సందర్భంలో ఆస్ట్రియా వియన్నా క్లబ్బు పేరు గమనించదగినది. 1938 ఏప్రిల్‌లో దాని పేరును ‘ఓస్ట్‌మార్క్’గా మార్చారు. జులైలో పాత పేరు తిరిగి వచ్చింది. పటంలో లేని దేశం పేరు పాయింట్ల పట్టికలో మిగిలింది. కానీ పేరు తిరిగి వచ్చినంత సులభంగా మనుషులు తిరిగి రాలేదు. క్లబ్బు అధ్యక్షుడు ఎమాన్యుయెల్ ష్వార్ట్జ్ యూదుడు కావడంతో పదవి కోల్పోయి దేశం విడిచాడు. యుద్ధం ముగిశాకనే మళ్లీ ఆ పదవి చేపట్టగలిగాడు.

గ్రంథపాతం: హకోవా

‘హకోవా’ అంటే హీబ్రూలో బలం. 1909లో వియన్నాలో స్థాపితమైన ఈ యూదు క్రీడాసంఘం 1924–25లో ఆస్ట్రియా తొలి వృత్తి లీగ్ విజేత. 1923లో లండన్‌లో వెస్ట్‌హామ్ యునైటెడ్‌ను 5–0 తేడాతో ఓడించిన జట్టు ఇది. 1938 మార్చి తరువాత ఈ సంఘాన్ని మూసివేశారు. మైదానాన్ని స్వాధీనం చేసుకున్నారు. అప్పటికి సగంలో ఉన్న సీజన్‌లో హకోవా ఆడిన ఆటల ఫలితాలన్నిటినీ రద్దుచేశారు.

ఈ చివరి చర్య చిన్నదిగా కనిపించవచ్చు. ఒక జట్టును ఇకమీదట ఆడనివ్వకపోవడం నిషేధం. జరిగిన ఆటలను జరగలేదని ప్రకటించడం అంతకు మించినది. రద్దు తరువాత పట్టికలో ఖాళీ ఉండదు. మిగిలిన జట్ల గెలుపోటములు, గోల్స్, పాయింట్లు కొత్తగా సరిపోతాయి. ఖాళీ వదలకుండా రాసుకుపోయిన లేఖకుని ప్రతిలాగే ఆ పట్టికలోనూ లోపం కంటికి కనబడదు.

ఆ తరువాతి విజేతల జాబితా ఇది: 1939లో అద్మీరా, 1940, 1941లలో రాపిడ్, 1942 నుంచి 1944 వరకు వరుసగా మూడుసార్లు ఫస్ట్ వియన్నా. ఈ ఫస్ట్ వియన్నాను 1894లో స్థాపించినవారిలో రోత్‌షీల్డ్ అనే యూదు ధనిక కుటుంబపు తోటమాలులు ఉన్నారు. జట్టు నీలం, పసుపు రంగులు ఆ కుటుంబానివే. 1938 మార్చిలో ఆ కుటుంబానికి చెందిన లూయీ రోత్‌షీల్డ్‌ను నిర్బంధించి ఆస్తులు లాక్కున్నారు. ఆ రంగులకు మూలమైన కుటుంబం ఊరిలో లేని కాలంలో ఆ క్లబ్బు మూడు విజయాలు సాధించింది.

హకోవా స్థాపకుల్లో ఒకడు రచయిత ఫ్రిట్జ్ లోనర్-బేడా. ఫ్రాన్స్ లేహార్ సంగీత నాటకాలకు మాటలు, పాటలు సమకూర్చినవారిలో ముఖ్యుడు. 1938 ఏప్రిల్ 1న ఆయనను డాహావ్ శిబిరానికి తరలించారు. అక్కడి నుంచి బూఖన్‌వాల్డ్‌కు పంపారు. ఆ శిబిరంలో ఖైదీలు పాడిన పాట ఆయన రాసినదే. దానికి వరుస కట్టినవాడు తోటి ఖైదీ హెర్మన్ లియోపోల్డి. 1942 డిసెంబర్ 4న లోనర్-బేడా ఆష్‌విట్జ్ పరిధిలోని మోనోవిట్జ్ శిబిరంలో హత్యకు గురయ్యాడు. 1925 నాటి విజేత జట్టు నాయకుడు మాక్స్ షోయర్ కూడా ఆష్‌విట్జ్‌లోనే ప్రాణాలు కోల్పోయాడు. 1942కు ఎదురుగా విజేతల జాబితాలో ఉండే పేరు ఒక్కటే, ఫస్ట్ వియన్నా.

ప్రక్షిప్తాలు: ప్రతిఘటన కథలు

యుద్ధానంతరం ప్రచారంలో ఉన్న కథల్లో మొదటిది మథియాస్ సిండెలార్‌ది. 1938 ఏప్రిల్ 3న వియన్నాలో ఆస్ట్రియా, జర్మనీ జట్ల మధ్య ‘కలయిక’ పేరిట జరిగిన ఆటలో ఆస్ట్రియా 2–0తో గెలిచింది. మొదటి గోల్ సిండెలార్‌ది. ఆ తరువాత ఆయన జర్మనీ జట్టులో ఆడలేదు. వయస్సును, గాయాలను కారణంగా చెప్పాడు. ఇంతవరకు చరిత్ర. నాజీ పెద్దల ముందు ఆయన నాట్యం చేశాడనీ, కావాలనే అవకాశాలు వదిలి అపహాస్యం చేశాడనీ చెప్పే వివరాలు తరువాతి కథనాల్లో పెరిగినవి.

1939 జనవరి 23న సిండెలార్ తన స్నేహితురాలి ఇంట్లో విషవాయువు వల్ల మరణించాడు. పొగగొట్టంలోని లోపమే కారణమని అధికారిక నిర్ణయం. ప్రవాసంలో ఉన్న యూదు రచయితలు ఈ మరణాన్ని మరోలా చదివారు. ఆల్‌ఫ్రెడ్ పోల్గార్ తన సంస్మరణ వ్యాసంలో దానిని వియన్నా నగర మరణంతో ముడిపెట్టాడు. ఫ్రీడ్రిష్ టోర్‌బెర్గ్ తన కవితలో ఆత్మహత్యను సూచించాడు. అవి తమ నగరాన్ని పోగొట్టుకున్నవారి విలాపాలు. సాహిత్యంగా వాటి విలువకు లోటు లేదు. వాటిని సాక్ష్యంగా స్వీకరించినప్పుడే చిక్కు వస్తుంది.

ఎందుకంటే 1938 వేసవిలో సిండెలార్ ఒక కాఫీ హోటల్ కొన్నాడు. దాని యజమాని లియోపోల్డ్ డ్రిల్ యూదుడు. యూదుల వ్యాపారాలను ఇతరుల పరం చేసే విధానంలో భాగంగానే ఆ హోటల్ చేతులు మారింది. డ్రిల్ తరువాత థెరేసియన్‌స్టాట్ శిబిరంలో మరణించాడు. సిండెలార్ నాజీ అని దీనివల్ల తేలదు. జర్మనీకి ఆడనన్న మనిషే ఆ వ్యవస్థ వల్ల లాభం కూడా పొందాడని మాత్రం తేలుతుంది. ఐతిహ్యంలో ఈ రెండో భాగానికి చోటు లేకపోయింది.

రెండో కథ 1941 జూన్ 22 నాటిది. సోవియట్ యూనియన్‌పై జర్మనీ దాడి మొదలుపెట్టిన రోజునే బెర్లిన్‌లో జర్మనీ లీగ్ అంతిమ పోటీ జరిగింది. 0–3తో వెనుకబడిన రాపిడ్ సుమారు పది నిమిషాల్లో నాలుగు గోల్స్ చేసి షాల్కె 04ను 4–3తో ఓడించింది. వాటిలో మూడు ఫ్రాన్స్ బిండర్‌వి. ఈ ఆటకు పరస్పర విరుద్ధమైన రెండు పాఠాలున్నాయి. వియన్నా వారిని సంతోషపెట్టడానికి ఫలితాన్ని ముందే నిర్ణయించారన్నది ఒకటి. గెలిచినందుకు శిక్షగా రాపిడ్ ఆటగాళ్లను యుద్ధరంగానికి పంపారన్నది మరొకటి. ఒకే ఆట బహుమానమూ నేరమూ కావడం కుదరదు. యుద్ధం సాగేకొద్దీ ఆటగాళ్లు సైన్యంలోకి వెళ్లడం అన్ని జట్లలోనూ జరిగినదే.

మూడోది 1940 నవంబర్ 17 నాటి అల్లరి. 1939 అంతిమ పోటీలో అద్మీరా షాల్కె చేతిలో 0–9తో ఓడింది. ఆ చేదును పోగొట్టడానికి వియన్నాలో ఏర్పాటైన స్నేహపూర్వక ఆటలో నిర్ణేత తీర్పులపై ఆగ్రహించిన ప్రేక్షకులు వీరంగం చేశారు. వియన్నా గౌ అధిపతి బాల్డూర్ ఫన్ షీరాఖ్ కారు కూడా దెబ్బతింది. దీనిని నాజీ వ్యతిరేక తిరుగుబాటుగా చెప్పుకోవడం కద్దు. అయితే ఆ కోపం జర్మన్ల ఆధిక్యం మీద. హకోవా మైదానం లాక్కున్నప్పుడు ఇటువంటి ఆగ్రహం వీధికెక్కలేదు.

ముగింపు

1943 నాటి మాస్కో ప్రకటన ఆస్ట్రియాను హిట్లర్ దురాక్రమణకు తొలి బలిగా పేర్కొన్నది. యుద్ధానంతర ఆస్ట్రియా తనను తాను అలాగే చూసుకోవడానికి ఇష్టపడింది. పైన చెప్పిన మూడు కథలూ ఆ చూపుకు చక్కగా అమరాయి. వాటిలో వియన్నా గెలుస్తుంది, ధిక్కరిస్తుంది, లేదా బలి అవుతుంది. వియన్నా జట్ల చేతుల మీదుగా వియన్నా యూదులకు జరిగినది వాటిలో కనిపించదు. ప్రవాస కవుల విలాపం కూడా చివరకు ఆ కవులను వెళ్లగొట్టిన నగరానికే ఓదార్పుగా మారింది.

గ్రంథపాతాన్ని పూరించడం పరిష్కర్త పని కాదు. అక్కడ లోపం ఉందని గుర్తించి చుక్కలు పెట్టడమే అతని ధర్మం. 2008లో వియన్నాలోని ప్రాటర్ ప్రాంతంలో హకోవాకు కొత్త క్రీడా కేంద్రం ఏర్పడింది. స్థలం తిరిగి వచ్చింది కాని, రద్దయిన ఆటలు ఆడినవారిలో చాలామంది తిరిగి రాలేదు. ఓస్ట్‌మార్క్ లీగ్ చరిత్రను ఇకముందు రాసేవారు 1938 నాటి పట్టికను యథాతథంగా ఎత్తి రాయక, ఆ చుక్కలు పెట్టి రాయవలసి ఉన్నది.