మనల్ని మనం ఎవరి మాటతో పిలుచుకుంటున్నాం?



మా ముదినేపల్లి చుట్టుపక్కల ఏ పేటకెళ్లినా ఒక మాట వినపడుతుంది: "ఊళ్లోకెళ్లొస్తా." ఆ మాట అన్నాయనకి ఓటు ఆ ఊళ్లోనే. రేషన్ కార్డు మీదా ఆ ఊరి పేరే. అయినా ఆయన నాలుక మీద ఊరంటే అవతలి వీధులు, పేటంటే ఊరు కానిది. ఎవరూ బెదిరించి అనిపించడం లేదు. ఎప్పుడో ఎవరో గీసిన గీతని మనమే రోజూ మన నోటితో దిద్దుతున్నాం.

బయటి ప్రభావం అనగానే సినిమా, టీవీ, సెల్‌ఫోన్ గుర్తొస్తాయి. వాటన్నిటికంటే పాతది పేరు. ఎదుటివాడు పెట్టిన పేరుతో మనల్ని మనం తలుచుకోవడం మొదలుపెడితే, ఆ తర్వాత ఆలోచన కూడా వాడిదే నడుస్తుంది.

దీన్ని మన పెద్దలు వందేళ్ల కిందటే పట్టుకున్నారు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. పిలిచింది గుడివాడలో సేవాశ్రమం నడిపిన బ్రాహ్మణ సంస్కర్త గూడూరు రామచంద్రరావు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చారు. వచ్చినాయన సభ పేరు మీదే అభ్యంతరం పెట్టారు. పంచములన్న మాట పురాణాల్లో ఎక్కడా లేదని, మనం ఈ నేల మొదటి బిడ్డలమని ఆయన వాదన. మనుస్మృతి పదో అధ్యాయం కూడా వర్ణాలు నాలుగే, ఐదోది లేదంటుంది. వాళ్ల శాస్త్రంలోనే లేని గడిలో మనల్ని కూర్చోబెట్టారన్నమాట! ఆ సభలోనే 'ఆది ఆంధ్ర' పేరు నిలబడింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరుని ఒప్పుకుంది. 1931 జనగణన నాటికి మద్రాసు రాష్ట్రంలోని మాల మాదిగల్లో దాదాపు మూడో వంతు మంది తమని ఆది ఆంధ్రులుగా రాయించుకున్నారు.

ఇక్కడితో ఆగితే చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోవచ్చు. కానీ 'ఆది' అన్న ఆలోచన ఎక్కడిది? ఆర్యులు బయటినుంచి వచ్చి ఇక్కడివాళ్లని అణిచారన్న సిద్ధాంతం పందొమ్మిదో శతాబ్దపు యూరప్ పండితులది. ద్రావిడ భాషల మీద కాల్డ్వెల్ పుస్తకం 1856లో వచ్చింది. మాదరి భాగయ్యగా పుట్టిన ఆయనకి 'వర్మ' బిరుదు ఇచ్చింది ఆర్యసమాజం. అంటే బయటి పేరుని నరికిన గొడ్డలి కూడా బయటి కొలిమిలో కాలిందే.

ఇది ఆయన్ని తక్కువ చేయడం కాదు. బయటి గాలి తగలని బుర్ర ఎవరికీ ఉండదు. ఆయనకీ ఆ సభకీ తేడా ఒకటే: సభ పేరు అలవాటుగా వచ్చింది, ఆయన పేరు ఎంచుకుంటే వచ్చింది.

అంబేడ్కర్ ఇంకో అడుగు ముందుకేశారు. 1946లో శూద్రులెవరు అనే పుస్తకంలో ఆర్యజాతి సిద్ధాంతాన్నే తోసిపుచ్చారు. 'మేం మొదటివాళ్లం' అని చెప్పుకోవడానికి మనవాళ్లకి పనికొచ్చిన సిద్ధాంతమే అది. పనికొస్తుంది కదా అని ఆయన నమ్మలేదు, రుజువు అడిగారు. తిట్టుని అనుమానించడం తేలిక. మనల్ని పొగిడే మాటని అనుమానించడమే కష్టం.

'హరిజన' అలాంటి పొగడ్తే. 1933లో గాంధీ అదే పేరుతో పత్రిక పెట్టారు. దేవుడి బిడ్డలంట! మరి ఆ బిడ్డల్ని బావి దగ్గరికి రానివ్వనిదెవరో ఆ మాటలో ఉందా? లేదు. 'దళిత'లో ఉంది. తొక్కబడ్డవాడు అనగానే తొక్కినవాడెవడన్న ప్రశ్న లేస్తుంది. అదీ మరాఠీ గడ్డ నుంచి వచ్చిన మాటే. 1985లో కారంచేడు తర్వాత మన నెత్తుటితో తెలుగు మాటయ్యింది. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా, తిట్టుగా వాడిన 'మాదిగ'నే పేరు పక్కన గర్వంగా రాసుకునేలా చేసింది. ఆది ఆంధ్ర, దళిత అనే పెద్ద గొడుగుల కింద తమ వాటా కనపడటం లేదని మాదిగలు లెక్క అడిగారు. ఆ లెక్క మాలలం కూడా వినాల్సిందే.

కాబట్టి మాట బయటిదా, లోపలిదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఈ మాట ఎవరి తప్పుని దాస్తోంది, ఎవరి వాటాని మింగుతోంది అన్నది ప్రశ్న.

2022 ఏప్రిల్లో ముదినేపల్లి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి మారింది. బోర్డులు రాత్రికి రాత్రి మారాయి. 'ఊరు' అన్న మాటకి అర్థం మాత్రం మారలేదు. ఊరి చెరువు చేపల వేలం, ఊరి శ్మశానం, ఊరి గుడి అన్నప్పుడు ఆ 'ఊరు'లో పేట ఉందా? పేటలో ఉన్న మనమే 'ఊళ్లోకెళ్లొస్తా' అంటుంటే, ఊరి వాటా అడిగేటప్పుడు గొంతు ఎక్కడినుంచి వస్తుంది?

పేట కూడా ఊరే. ముందు మన నాలుకకి నేర్పుదాం.

జై భీమ్.