తరిమెన

లేత్ మిషన్‌కి తెలుగులో మాట లేదని చాలామంది అనుకుంటారు. ఉంది: తరిమెన. పాత నిఘంటువుల్లో దాని పక్కనే ‘తరిమెన పట్టు’ అన్న క్రియా కనిపిస్తుంది. కర్రనో లోహాన్నో తిప్పుతూ, ఉలి ఆనించి, గుండ్రంగా నున్నగా చెక్కడమని అర్థం. ఇవాళ ఏ లేత్ షాపుకైనా వెళ్లి ఆ మాట అంటే టర్నర్ మన మొహం వైపు చూస్తాడు.

పేరు వెతుక్కోవలసింది మాటల్లోనే కాదు. పాత లేత్‌ని ఇంటికి తెచ్చుకున్నవాడికి మొదటి పని దాని పేరు కనుక్కోవడం. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు సౌత్ బెండ్ ఊళ్లో ఓబ్రయన్ కవల సోదరులు 1906లో పెట్టిన కంపెనీ సంగతే తీసుకోండి. పేరు పలక ఊడిపోయినా బెంగ లేదు. బెడ్, అంటే మర పొడవునా ఉండే పీఠం మీద, టెయిల్‌స్టాక్ (తిరిగే ముక్క రెండో కొసని ఆనించే భాగం) వైపు చివర పేరుకున్న జిడ్డు గీకితే గుద్దిన అంకెలు తేలతాయి. అవే దాని జాతకం. అవీ చెరిగిపోతే, ముక్కని పట్టి ఉంచే చక్ విప్పి, దాన్ని తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్ ముక్కు కొలవాలి. ఒకటిన్నర అంగుళాల లావు, అంగుళానికి 8 మరలు అయితే అది తొమ్మిదంగుళాల సౌత్ బెండ్ కావచ్చు. అంగుళం మీద ఒక నూలు, అంగుళానికి 12 మరలు అయితే ఇంగ్లండు మైఫర్డ్ ఎంఎల్7 వైపు చూడాలి.

ఇక్కడే ఒక తిరకాసు. తొమ్మిదంగుళాలంటే అమెరికావాడికి ఆ మర మీద తిరగగల వస్తువు పూర్తి వ్యాసం. ఇంగ్లండువాడు బెడ్ నుంచి సెంటర్ దాకా ఉన్న ఎత్తే లెక్కపెడతాడు కాబట్టి, అతనికి అదే మర నాలుగున్నర అంగుళాలది. మన షాపులో ఈ రెండూ కాదు, బెడ్ పొడవు: ‘ఆరడుగుల లేత్’. ఎవరికి ఏది ముఖ్యమో దాన్నిబట్టే పేరు.

భాషలూ అంతే. ఇంగ్లీషు ‘లేత్’ మూలం ఇదమిత్థంగా తేలలేదు గాని, డేనిష్‌లో దానికి దగ్గర చుట్టంగా చెప్పే మాటకి అర్థం చట్రం. జర్మన్‌లో దీని పేరు ‘తిప్పే బల్ల’. వాళ్ల చూపు మర ఒంటి మీద పడింది. లాటిన్‌లో తోర్నుస్ అంటే లేతే. ఇంగ్లీషువాడు రోజంతా వాడే ‘టర్న్’ దాని సంతానమే. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘ఖరాద్’ మాత్రం పనిలోంచి పుట్టిన పేరు.

తమిళంలో కడైదల్ అంటే మజ్జిగ చిలకడం, లేత్ పట్టడం కూడా. వింత కాదు. పాతకాలపు లేత్‌లో ఒకడు ఇరుసుకి చుట్టిన తాడు రెండు కొసలూ పట్టుకుని ఇటూ అటూ లాగుతాడు, రెండోవాడు ఉలి ఆనిస్తాడు. అచ్చం కవ్వమే. చెక్క ఒక వైపు తిరిగినప్పుడే తెగుతుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఉలి కాస్త సడలించాలి. ఇప్పుడు మన మాట వినండి. తరి అంటే చిలకడం. తరిత్రాడు, తరిగోల అందులోంచే వచ్చాయి. కవయిత్రి వెంగమాంబ పుట్టిన తరిగొండ పేరుకీ, పెరుగు చిలికే కుండలో నరసింహస్వామి దొరికాడనే కథ ఉంది. తరిమెనలో వినిపించే ‘తరి’ ఆ కవ్వం చప్పుడేనని నా ఊహ. వ్యుత్పత్తి అని ముద్ర వేయను గాని, తమిళం పక్కన నిలబడి సాక్ష్యం చెబుతోంది.

సంస్కృతం దీన్ని ‘భ్రమి’ అంది, తిరిగేది అని. భర్త వేడి తాళలేని సంజ్ఞాదేవి కోసం విశ్వకర్మ సూర్యుణ్ణి భ్రమి మీదికెక్కించాడని విష్ణుపురాణం. తీసింది ఎనిమిదో వంతే. ఆ రాలిన తేజస్సుతోనే విష్ణువు చక్రం, శివుడి త్రిశూలం తయారయ్యాయి. ఎంత తీయాలో తెలిసినవాడు పనివాడు.

పాత లేత్‌ని బాగుచేసేవాడికి కావలసిందీ ఆ నిగ్రహమే. చేయి గరుకు కాగితం మీదికి పోతుంది. బెడ్‌ని రుద్దకూడదు. కిరసనాయిలు, కుంచె, పాతగుడ్డ, ఓపిక చాలు. అరుగుదల తెలియాలంటే చిన్న పరీక్ష ఉంది. ఉలిని మోస్తూ బెడ్ మీద జరిగే క్యారేజిని చక్ దగ్గర వదులు లేకుండా బిగించి, టెయిల్‌స్టాక్ వైపు మెల్లగా జరపండి. దారిలో పట్టేస్తే బెడ్ చక్ దగ్గర అరిగిందన్నమాట. పనంతా జరిగేది అక్కడే కదా. అటు చివర క్యారేజి పెద్దగా వెళ్లదు కాబట్టి కొత్తగానే ఉంటుంది.

మాటల బెడ్ మీద తరిమెన ఉన్నది ఆ చివరే. అరగలేదు, ఎందుకంటే వాడలేదు. అరగకపోవడం మరకి గొప్ప కాదు, మాటకీ కాదు.

షాపు బోర్డు మీద లేత్ అన్న మాట తుడిపేయమని అడగను. నలభై ఏళ్లుగా దాని మీద బతికినవాడికి అదే తెలుగు. ఒక్కటే అడుగుతున్నాను. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిప్పి, లక్క రంగెక్కించి చేసే బొమ్మల గురించి ఈసారి రాసేటప్పుడు ‘లేత్ యంత్రం సహాయంతో తయారుచేస్తారు’ అని రాయకండి. ‘తరిమెన పట్టిన బొమ్మలు’ అనండి.