హడూపు కథ: మూలపాఠము నుండి యంత్రాంగము వరకు

2011వ సంవత్సరపు జనాభా లెక్కల పట్టికలలో జనగామ జిల్లా లేదు. మహబూబాబాదు జిల్లా లేదు. భూపాలపల్లి జిల్లాయు లేదు. నాడు ఈ మూడు పట్టణములును వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణ ప్రభుత్వము జిల్లాలను పునర్విభజించినప్పుడు ఇవి జిల్లా కేంద్రములైనవి. మార్పు అంతటితో ఆగలేదు. గార్ల, బయ్యారము మండలములు ఖమ్మము జిల్లా నుండి వచ్చి మహబూబాబాదులో చేరినవి. మహాదేవపురము, కాటారము కరీంనగరము జిల్లా నుండి వచ్చి భూపాలపల్లిలో చేరినవి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు వేరై మరియొక జిల్లా అయినది.

2011 నాటి లెక్కలను బట్టి నేటి మహబూబాబాదు జిల్లా హద్దులలో అక్షరాస్యులెందరుండిరో ఒక విద్యార్థి తెలిసికొనగోరెననుకొందము. అతనియొద్ద పాత జిల్లాల మొత్తములు మాత్రమే యున్నచో, ఎంత తెలివిగలవాడైనను చేయగలిగినది లేదు. కూడిన మొత్తమును మరల విడదీయుట యెవరి తరమును కాదు. గ్రామములవారీ పట్టికలున్నచో పని సులభము. ఒక్కొక్క గ్రామము నేడు ఏ జిల్లాలో నున్నదో గుర్తు వేయవలయును, ఒక గుర్తు గలవానిని ఒకచోట చేర్చవలయును, పిదప కూడవలయును. గుర్తు వేయుట, చేర్చుట, కూడుట అను ఈ మూడు పనులను జ్ఞాపకముంచుకొనుడు. హడూపు అను దత్తాంశ సంస్కరణ యంత్రాంగము ఈ మూటిమీదనే నిలిచియున్నది.

దత్తాంశములను యంత్రములకు అప్పగించుట క్రొత్త సంగతి కాదు. అమెరికాలో హెర్మన్ హోలరితు 1890 నాటి జనాభా లెక్కలనే రంధ్రములు పొడిచిన అట్టముక్కలతో లెక్కించెను. అటుపిమ్మట యంత్రములను ఇంకను పెద్దవిగా చేయుచు వచ్చిరి. 2002వ సంవత్సరమున డగ్ కట్టింగు, మైక్ కాఫరెల్లా అను ఇరువురు ‘నచ్’ అను వెదకుడు యంత్రమును వ్రాయ మొదలిడిరి. ఇంటర్నెట్టులోని పుటలన్నిటిని సేకరించి సూచిక తయారుచేయుట వారి సంకల్పము. పుటలు కోట్లకు చేరగా వారి పద్ధతి చాలలేదు. నాలుగు కంప్యూటర్లను కలిపి నడుపుటకే ఎడతెగని చాకిరి అయ్యెను.

ఆ సమయముననే గూగుల్ సంస్థవారు రెండు పరిశోధన వ్యాసములను ప్రకటించిరి. 2003లో వచ్చినది, వేలకొలది సామాన్యమైన కంప్యూటర్లలో ఫైళ్లను పంచి దాచు విధానమును గూర్చినది. 2004లో జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ వ్రాసినది ‘మ్యాప్ రెడ్యూస్’ అను గణన పద్ధతిని గూర్చినది. వ్యాసములు వచ్చినవే కాని ప్రోగ్రాము రాలేదు. విందు రుచిని వర్ణించి వంటయింటి తలుపు మూసినట్లయినది! కట్టింగు, కాఫరెల్లాలు ఆ వ్యాసములను చదివి, తమంత తాముగా ఆ ప్రోగ్రాములను జావా భాషలో మరల వ్రాసిరి. నా అభిప్రాయమున ఈ కథలో కెల్ల గొప్ప ఘట్టమిదియే. 2006 జనవరిలో కట్టింగు యాహూ సంస్థలో చేరెను. ఆ భాగము నచ్ నుండి వేరుపడి హడూపు అను పేరు పొందెను. అది అతని కుమారుని పసుపుపచ్చని ఏనుగుబొమ్మ పేరు. శబ్దవ్యుత్పత్తి వెదకువారు శ్రమపడ నక్కరలేదు.

దీని పనితీరును మన ఊళ్లలోనే ఊహింపవచ్చును. జనగామలో, మహబూబాబాదులో, భూపాలపల్లిలో కంప్యూటర్లున్నవనుకొందము. పెద్ద పట్టికను హడూపు ముక్కలుగా కోయును. నేటి రూపములలో ఒక్కొక్క ముక్క సాధారణముగా 128 మెగాబైట్లు. ప్రతి ముక్కకును మూడు ప్రతులు చేయును. ఒక ప్రతి జనగామలో నుంచినచో, తక్కిన రెండింటిని మహబూబాబాదులో రెండు వేర్వేరు కంప్యూటర్లలో నుంచును. జనగామలో కరెంటు పోయినను పని ఆగదు. లెక్క చేయవలసి వచ్చినప్పుడు దత్తాంశమును కదల్పదు. ప్రోగ్రామునే దత్తాంశమున్న ఊరికి పంపును. ప్రోగ్రాము చిన్నది, పట్టిక పెద్దది గదా. ప్రతి యంత్రమును తనయొద్దనున్న గ్రామములకు జిల్లా గుర్తు వేయుట ‘మ్యాప్’. ఒక గుర్తు గలవానిని తెచ్చి ఒకచోట కూడుట ‘రెడ్యూస్’. నడుమ చేర్చు పనిని హడూపే చూచుకొనును. 2008లో యాహూవారి 910 కంప్యూటర్లు ఈ విధముగా ఒక టెరాబైటు దత్తాంశమును 209 సెకనులలో వరుస పెట్టినవి.

తొలి హడూపులో పనులన్నిటిని పంచిపెట్టుటయు, కనిపెట్టియుండుటయు ఒక్క కంప్యూటరు వంతే. యంత్రములు నాలుగువేలకు చేరునప్పటికి ఆ ఒక్కటి సతమతమయ్యెను. ఈ రెండు బాధ్యతలను విడదీసి ‘యార్న్’ అను క్రొత్త ఏర్పాటు చేసిరి. 2013లో దీనిని వివరించిన పరిశోధన వ్యాసమునకు ప్రథమ రచయిత వినోద్ కుమార్ వావిలపల్లి. ఆ ఇంటిపేరు మన చెవులకు క్రొత్తది కాదు. ఆ సంవత్సరము అక్టోబరులో యార్న్‌తో కూడిన 2.2.0 రూపము వెలువడెను.

ఇక కట్టుట సంగతి. ప్రోగ్రామును మనుష్యులు చదువగల భాషలో వ్రాసిన పాఠమును సోర్సు కోడందురు, మూలపాఠమనవచ్చును. యంత్రము నడపగల రూపమునకు దానిని మార్చుటయే కట్టుట. కట్టిన రూపము పాత జిల్లా మొత్తము వంటిది; మూలపాఠము గ్రామపట్టిక వంటిది. అందుచేతనే హడూపును పోషించు అపాచీ ఫౌండేషను వారి నియమము ప్రకారము అధికారికముగా విడుదలయగునది మూలపాఠమే. కట్టి యిచ్చు రూపము వాడుకరుల సౌకర్యమునకై తోడుగా నిచ్చునది మాత్రమే.

కట్టుటకును ఒక చరిత్ర కలదు. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్టు ఫెల్డ్‌మన్ ‘మేక్’ అను సాధనమును వ్రాసెను. ఏ ఫైలు మారినదో చూచి, దానిపై ఆధారపడినవానిని మాత్రమే అది మరల కట్టును. తరువాత జావావారికి ‘యాంట్’ వచ్చినది. పిదప వచ్చిన ‘మావెన్’ కావలసిన ఉపకరణ గ్రంథములను తానే ఇంటర్నెట్టు నుండి తెచ్చుకొనును. 2011లో వచ్చిన 0.23 రూపముతో హడూపు యాంట్‌ను విడిచి మావెన్‌ను చేపట్టెను. చూచుటకు ఒక్క పంక్తి ఆజ్ఞ చాలును. కాని దానికి ముందు జావా కావలయును, మావెన్ కావలయును. దత్తాంశమును కుదించు కొన్ని భాగములు సి భాషలో నున్నవి; వానిని కూడ కట్టగోరినచో ఆ భాష కంపైలరును కావలయును.

ఇక ‘ప్రోటోబఫ్’ కలదు. యంత్రములు పరస్పరము పంపుకొను సందేశముల ఆకృతిని నిర్ణయించు సాధనమిది. హడూపు 2 కట్టువారికి సరిగా 2.5.0 రూపమే ఉండవలయును. అంతకంటె క్రొత్తదున్నను మావెన్ పని నాపివేయును. క్రొత్త కంప్యూటరు కొనిన వానికే చిక్కు వచ్చుట విచిత్రము! ఏండ్ల తరబడి ఎందరో దీనితో విసిగిరి. 2020 జూలైలో వచ్చిన 3.3.0 రూపములో 3.7.1కు మారిరి. మూలపాఠముతోపాటు సాధనములన్నిటిని అమర్చిన పెట్టె వంటి ‘డాకర్’ ఏర్పాటును కూడ ఇచ్చుచున్నారు. కళాశాలలవారికి అదియే సుఖమైన దారి. కట్టునప్పుడు పరీక్షలను విడిచిపెట్టుమని ఆజ్ఞలో చేర్చు అలవాటున్నది. అన్ని పరీక్షలకు గంటలు పట్టును గనుక ఇది క్షమింపదగినదే. కాని కోడును మార్చినవాడు మాత్రము మార్చిన భాగపు పరీక్షలను తప్పక నడపవలయును.

మనమే కట్టినచో మోసమునకు తావు లేదా? ఉన్నది. కంపైలరులోనే కపటము దాగియున్నచో మూలపాఠమును ఎంత చదివినను తెలియదని 1984లో కెన్ థాంప్సన్ తన ట్యూరింగు పురస్కార ప్రసంగ వ్యాసములో చూపెను. మూలపాఠము మన చేతనున్నచో అనుమానించుటకు ఒక ఆధారమైన నుండును. లేనిచో అదియు నుండదు.

మూడు జిల్లాల గ్రామములను కూడుటకు నిజముగా హడూపు అక్కరలేదు. ఒక చిన్న కంప్యూటరు క్షణములో చేయును. విద్యార్థులు మాత్రము ఒకే కంప్యూటరుపై దీనిని నడపి నేర్చుకొనవచ్చును. అందుకు తగిన విధానము దానిలోనే యున్నది. మాటలను లెక్కించు ఉదాహరణ ప్రోగ్రామును హడూపుతోనే వచ్చును. దానికొక తెలుగు పాఠమునిచ్చి చూడుడు. జనగామ, జనగామలో, జనగామకు అను మూటిని అది మూడు వేర్వేరు మాటలుగా లెక్కించును. మాటకును మాటకును నడుమ ఖాళీని చూచుట తప్ప దానికి మరేమియు తెలియదు. విభక్తి ప్రత్యయములను గుర్తించు నాలుగు పంక్తులను విద్యార్థులే వ్రాసి, ఆ ఉదాహరణల భాగమును మాత్రము మావెన్‌తో మరల కట్టి, అదే పాఠమును మరల ఇచ్చి చూడవచ్చును.