కాగితం వెనుక చేవ్రాలు: వార్‌హోల్ ‘మెరిలిన్’ ముద్రణలలో కర్తృత్వ ప్రశ్న

ఆండీ వార్‌హోల్ 1967లో న్యూయార్క్‌లో వెలువరించిన ‘మెరిలిన్’ సంపుటిలో పది స్క్రీన్‌ప్రింట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 36 అంగుళాల చదరం. ముద్రణ పరిమితి 250 ప్రతులు. అన్నింటిలోనూ మెరిలిన్ మన్రో ముఖం ఒక్కటే. మారేవి రంగులు మాత్రమే. చిత్రకారుడి సంతకం బొమ్మ మీద కనిపించదు. కాగితం వెనుక పెన్సిలుతో చేసిన చేవ్రాలు, రబ్బరు స్టాంపుతో వేసిన సంఖ్య ఉంటాయి. ఆ చేవ్రాలు దేనిని ధ్రువపరుస్తున్నదన్నదే ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

ఇందులోని ముఖం వార్‌హోల్ గీసినది కాదు. 1953లో విడుదలైన ‘నయాగరా’ చలనచిత్రపు ప్రచార ఛాయాచిత్రం దానికి మూలం. 1962 ఆగస్టులో మన్రో మరణించిన వెంటనే ఆయన ఆ ఛాయాచిత్రాన్ని తెరకెక్కించి కాన్వాసుపై ముద్రించడం ప్రారంభించాడు. 1967 నాటి సంపుటిని అచ్చువేసినది వృత్తి ముద్రాపకులు. కాబట్టి రేఖ ఆయనది కాదు, ముద్రణశ్రమా ఆయనది కాదు. ఛాయాచిత్రపు ఎంపిక, దానిని ముఖం మేరకు కత్తిరించిన తీరు, వర్ణయోజన మాత్రమే ఆయనవి.

ఈ ధోరణికి మూలాలు ఆయన నేపథ్యంలోనే ఉన్నాయి. నేటి స్లొవాకియాలోని మికోవా గ్రామం నుంచి వలస వచ్చిన రూసిన్ కుటుంబంలో, 1928లో పిట్స్‌బర్గ్‌లో జన్మించాడు. బాల్యంలో తల్లి జూలియాతో కలిసి వెళ్లిన బైజాంటైన్ కాథలిక్ చర్చిలో పరిశుద్ధుల ప్రతిమాపటాలు వరుసగా ఉండేవి. స్వర్ణవర్ణ నేపథ్యంపై మన్రో ముఖాన్ని నిలిపిన 1962 నాటి చిత్రంలో విమర్శకులు ఆ పటాల ఛాయను గుర్తించారు. 1949లో కార్నెగీ సాంకేతిక విద్యాసంస్థలో పట్టం పుచ్చుకొని న్యూయార్క్ చేరి, వాణిజ్య చిత్రకారుడయ్యాడు. ‘వార్‌హోలా’ అన్న ఇంటిపేరు ‘వార్‌హోల్’గా స్థిరపడినది కూడా ఆ తొలినాళ్లలోనే. అప్పట్లో ఆయన సిరా ఆరకముందే గీతను మరో కాగితంపై అద్ది, ఆ అద్దకాన్నే చిత్రంగా ఇచ్చేవాడు. అంటే ఆయన దృష్టిలో మూలం కూడా ఒక ప్రతియే. ఆ బొమ్మలకు అక్షరాలు రాసినది పలుమార్లు జూలియాయే. కొన్నిటిపై కొడుకు పేరును సంతకం చేసినదీ ఆమెయే. 1954 నాటి పిల్లుల బొమ్మల పుస్తకపు శీర్షికలో ఆమె ఒక అక్షరం వదిలివేస్తే, ఆయన దానిని దిద్దక అలాగే అచ్చువేయించాడు.

1970 ప్రాంతంలో బెల్జియంలో ఇవే బొమ్మలు మళ్లీ ముద్రితమయ్యాయి. సంతకం ఎవరికి వారే చేసుకోవచ్చునన్న అర్థం గల ముద్ర వాటి వెనుక ఉంది. ఆ ప్రతులు కొన్ని తన ఎదుటికి వచ్చినప్పుడు, అవి తనవి కావని రాసి, దాని కిందనే వార్‌హోల్ సంతకం చేశాడు. నిరాకరణకు కూడా సంతకమే ఆధారమైనది.

తాళపత్ర ప్రతులలో కవి చెప్పుకొన్న ఆశ్వాసాంత గద్యను, లేఖకుడు చేర్చిన పుష్పికను వేరువేరుగా చదవడం మన పరిష్కర్తలకు పరిచితమే. వార్‌హోల్ ముద్రణలకూ అట్టి పఠనమే అవసరం. వాటి వెనుకనున్న చేవ్రాలు హస్తకౌశలానికి సాక్ష్యం కాదు. ఎంపికకు బాధ్యత వహిస్తున్నానన్న అంగీకారం. ఆయన చిత్రాల ప్రామాణికతను నిర్ణయించేటప్పుడు ‘ఎవరి చెయ్యి’ అన్న ప్రశ్న కన్న ‘ఎవరి సమ్మతి’ అన్న ప్రశ్నయే ముందు వేసుకోదగినది.