పొరుగింటి జెండా పండగ

జెండా పండగంటే నా చిన్నప్పుడు ఇస్త్రీ చేసిన తెల్లగౌను, బళ్ళో పంచిపెట్టే బిళ్ళలు. పెళ్ళయ్యాక జనవరి 26న టీవీ ముందు కూచుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఢిల్లీ పెరేడు చూడ్డం. జెండా ఎగరేసే సమయానికి మా అత్తగారు మాత్రం మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి లేచి నిలబడేవారు. "టీవీలో బొమ్మకి కూడా లేవాలా అత్తయ్యా?" అని నవ్వేదాన్ని. ఆవిడ జవాబు చెప్పేవారు కారు. ఆ జవాబు తెలుసుకోవడానికి నేను సముద్రం దాటి వెళ్ళాల్సి వచ్చింది.

పులిహోర కట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని, పనిగట్టుకుని నేను పెరేడు చూడ్డానికి వెళ్ళింది జన్మలో ఒక్కసారే. అదీ మన దేశంలో కాదు. మారిషస్‌లో, 1992 మార్చి 12న.

మా వారికి అక్కడ మూడేళ్ళ ఉద్యోగం. మా పక్కింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. తెలుగావిడే. అంటే, ఆవిడ తాతగారు మన కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడెక్కి, చెరుకు తోటల్లో కూలికి వచ్చారట. ఆ రేవు పేరునే అక్కడ మనవాళ్ళకి 'కోరంగీలు' అని పేరు పడింది. మామ్మగారికి రామభజన పాటలు గడగడా వచ్చు గానీ, మాట్లాడాలంటే తెలుగు మాటలు వెతుక్కోవాలి. ఇంట్లో మాట్లాడుకునేది క్రియోలు. బళ్ళో తెలుగు చదువుకుంటున్న మనవరాలే మా ఇద్దరికీ దుబాసీ.

ఆ ఏటి పండగ మామూలుది కాదు. స్వతంత్రం 1968లోనే వచ్చినా, పేరుకి ఆ దేశానికి అధినేత బ్రిటన్ రాణీగారే. ఆ రోజు నుంచి ఆ ముడి కూడా తెగి, రిపబ్లిక్ అవుతోంది. చివరి గవర్నర్ జనరల్ సర్ వీరాస్వామి రింగాడూగారే మొదటి అధ్యక్షుడు. వీరాస్వామి అన్న పేరు చెవిన పడగానే మా పిల్లలు, ఆయనేదో మా ఊరి వాడైనట్టు చప్పట్లు కొట్టారు.

"మీరూ వస్తారా మామ్మగారూ?" అని మాటవరసకి అడిగాను. ఆవిడ కాసేపు నా మొహం కేసి చూసి, "వస్తా" అన్నారు. వెనకాల కోడలు ఆశ్చర్యంగా నోరు తెరవడం నేను చూశాను. ఎందుకో అప్పుడు తెలీలేదు.

పోర్ట్ లూయీలో షాం ద మార్స్ అని పెద్ద మైదానం. చుట్టూ కొండలు. నిజానికది గుర్రప్పందాల మైదానం. ఫ్రెంచి వాళ్ళ కాలంలో సైనికులు కవాతు చేసేవారట. 1810లో ఇంగ్లీషు వాళ్ళు ఆ దీవిని గెలుచుకున్నాక, ఓడిన ఫ్రెంచి వాళ్ళకీ గెలిచిన తమకీ మధ్య కాస్త స్నేహం కుదరాలని, ఒక ఇంగ్లీషు కల్నల్ 1812లో అక్కడ పందాలు మొదలెట్టించాడట. ఇదంతా మా వారు బస్సులో చెప్పుకొచ్చారు. ఆయనకి చరిత్ర చెప్పే అలవాటు, నాకు వినని అలవాటు. ఆ రోజు మాత్రం విన్నాను.

"మార్చి 12నే ఎందుకు పెట్టుకున్నారో తెలుసా?" అన్నారాయన. 1930లో అదే రోజున గాంధీగారు సబర్మతి నుంచి 78 మందితో దండికి నడక మొదలుపెట్టారు. ఆ గుర్తుగా ఈ తేదీ ఎంచుకున్నారు. గాంధీగారు 1901లో దక్షిణాఫ్రికా నుంచి ఇంటికి వస్తూ, దారిలో ఆ దీవిలో కొన్నాళ్ళు ఆగారు కూడా. మన ఉప్పు కథ ఇంకో దేశపు పుట్టినరోజైందంటే ఒళ్ళు ఝల్లుమంది.

జనం మధ్య ఎలాగో చోటు సంపాదించి దుప్పటి పరుచుకున్నాం. ఎర్రటి ఎండ. పిల్లలకి 'ధోల్ పూరీ' కొనిపెట్టాను. లోపల పప్పు పెట్టి పల్చగా కాల్చిన రొట్టె. చెప్పొద్దూ, బొబ్బట్టులో బెల్లం వెయ్యడం మరిచిపోయినట్టుంటుంది. బీహారు నుంచి వచ్చిన కూలీలు తెచ్చిన వంట ఇప్పుడు అన్ని మతాల వాళ్ళూ కాయితంలో చుట్టుకుని నడుస్తూ తినేస్తారు.

బ్యాండు మోగింది. పోలీసులు వరసలు కట్టి నడిచారు. "ట్యాంకులేవీ? క్షిపణులేవీ?" అని మా అబ్బాయి పేచీ. పాపం, ఆ దేశానికి విడిగా సైన్యమే లేదు. పోలీసు శాఖలోని ప్రత్యేక దళమే ఆ పని కూడా చూస్తుంది. "సైన్యం లేకపోతే దేశమెలా అవుతుందమ్మా?" అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు మామ్మగారు నోరు విప్పారు. సగం తెలుగు, సగం మనవరాలి అనువాదం.

1968లో ఆవిడ ఈ ఊళ్ళోనే, ఈ మైదానానికి నాలుగు వీధుల అవతలే కాపురం. అంతకు ముందు ఏడాది ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో స్వతంత్రం కావాలన్న వాళ్ళు గెలిచారు గానీ, నూటికి నలభై నాలుగు ఓట్లు వద్దన్న పార్టీకి పడ్డాయి. వీధి రెండుగా చీలింది. జనవరిలో పోర్ట్ లూయీలో అల్లర్లు చెలరేగాయి. ఇళ్ళు తగలబడ్డాయి. ఇంగ్లీషు సైనికుల్ని రప్పించాల్సి వచ్చింది. పండగకి రావలసిన రాకుమారి కూడా రాలేదు. మార్చి 12 మధ్యాహ్నం పన్నెండు గంటలకి ఇక్కడ పాత జెండా దిగి, కొత్త జెండా ఎగిరింది. ఆ వేళ మామ్మగారు తలుపు గడియ పెట్టి, పిల్లల్ని మంచం కింద కూచోబెట్టి, తుపాకుల మోత వినిపిస్తే అల్లరి మళ్ళీ మొదలైందని వణికిపోయారట. అవి జెండాకి చేసిన గౌరవ వందనం తుపాకులని సాయంత్రం గానీ తెలీలేదు.

"వీధిలో చాలామంది ఓడలెక్కి పోయారు. నా స్నేహితురాలు ఆస్ట్రేలియా పోయింది. ఆ రోజు నుంచి ఇక్కడికి రాలేదు నేను. ఇదే మొదలు" అన్నారు.

ఇరవై నాలుగేళ్ళు! నాలుగు వీధుల దూరం నడవడానికి.

అప్పుడు ఠక్కున మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడది వరంగల్ జిల్లా. 1947 ఆగస్టు 15న దేశమంతా దీపాలు వెలిగించుకుంటే, నిజాం రాజ్యంలో మూడురంగుల జెండా ఎత్తిన వాళ్ళని జైల్లో వేశారు. రజాకార్ల భయంతో తలుపులు బిగించుకుని బతికారు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయేదాకా, పదమూడు నెలలు, వాళ్ళ ఊళ్ళో ఆ జెండా ఎగరలేదు. ఈ సంగతి మా వారు పదిసార్లు చెప్పుంటారు. నేను వినలేదు. తేదీ ఒకటే అయినా, స్వతంత్రం అందరిళ్ళకీ ఒకే రోజున రాదు కాబోలు. కొందరి గడపలోకి అది ఆలస్యంగా, భయం భయంగా అడుగుపెడుతుంది.

ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. నాలుగు రంగుల జెండా పైకి వెళ్ళింది. ఎరుపు పోరాటానికి, నీలం సముద్రానికి, పసుపు స్వతంత్రపు వెలుగుకి, పచ్చ పంటకి అని మనవరాలు వల్లించింది. మామ్మగారు నా భుజం పట్టుకుని లేచి నిలబడ్డారు. మా పక్కన ఒక ముస్లిం కుటుంబం, వెనక ఒక క్రియోలు ముసలాయన. ఒకప్పుడు ఎవరికి ఎవరు భయపడ్డారో ఏమో, గీతం అయ్యేదాకా అందరూ ఒకే తీరున నిలబడ్డారు. సైన్యం లేకపోయినా దేశమెలా అవుతుందో మా అబ్బాయికి అప్పుడు చూపించాను.

మూడేళ్ళయ్యాక ఇంటికొచ్చేశాం. మళ్ళీ జనవరి 26 వచ్చింది. టీవీలో జెండా ఎగరేసే వేళకి అత్తగారు ఎప్పటిలా లేచారు. నేనూ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి లేచాను.

ఆవిడ వింతగా చూసి, "ఏందమ్మా, నువ్వు గూడ లేచినవ్?" అన్నారు.

ఈసారి జవాబు చెప్పకుండా ఊరుకోవడం నా వంతైంది.