మక్వారీ దీవిలో నూనె వర్తకము

ఆస్ట్రేలియాకును దక్షిణ ధ్రువఖండమునకును నడుమ, ఝంఝామారుతములకు విరామ మెఱుగని మహాసముద్రమున, మక్వారీ యను సన్నని దీవి యొకటి కలదు. 1810లో దానిని కనుగొనిన సీల్ వేటగాండ్రు, మెత్తని బొచ్చుకొఱకు అచ్చటి సీళ్లను పదియేండ్లు గడచునంతలో దాదాపు నిర్మూలించి, పిదప ఏనుగుసీళ్ల క్రొవ్వుపై బడిరి. కాలక్రమమున న్యూజిలాండులోని ఇన్వర్‌కార్‌గిల్ వర్తకుడును, ఆ పట్టణమునకు మేయరుగా నుండినవాడునగు జోసెఫ్ హాచ్ దృష్టి పెంగ్విన్లపై నిలిచెను. 1890 ప్రాంతమున లూసిటానియా అఖాతపు టొడ్డున ఆతని పనివాండ్రు రాజపెంగ్విన్లను దుడ్డుకఱ్ఱలతో మోది, పెద్ద ఇనుపపాత్రలలో కుక్కి, ఆవిరితో ఉడికించి నూనె దీయసాగిరి. ఒక్కొక్క పక్షినుండి వచ్చునది ఇంచుమించు అరలీటరు.

ఆ క్రొవ్వు పక్షికి దేనికో తెలిసినగాని ఈ వర్తకపు క్రౌర్యము బోధపడదు. రాజపెంగ్విను గూడు కట్టదు. ఆడుపక్షి పెట్టిన ఒకే గ్రుడ్డును జంటలోని రెండును వంతులవారీగా తమ పాదములపై నిలుపుకొని, పొట్టక్రింది చర్మపు మడతతో కప్పి, సుమారు 54 దినములు పొదుగును. ఒకటి మేతకై కడలికి బోగా, నిలిచినదానికి ఒంటిలోని క్రొవ్వే ఆహారము. పిల్ల గోధుమవన్నె నూగుతో బొద్దుగా పెరిగి (పూర్వపు నావికు లారూపము జూచి వేఱొక జాతి యని భ్రమించిరి), చలికాలమంతయు తోడిపిల్లలతో గుంపుగూడి, తల్లిదండ్రులు వారములతరబడి రాకున్నను, ముందుగా కూర్చుకొనిన క్రొవ్వుతోనే ప్రాణము నిలుపుకొనును. ఈకలు మార్చుకొను నెలనాళ్లును పెద్దపక్షులకు ఉపవాసమే. పిల్లను సముద్రమునకు పంపుసరికి జంటకు 14 నెలలకు పైబడును గనుక, మూడేండ్లలో రెండుపిల్లలకు మించి పెంచజాలదు. కావుననే వాని రేవు ఏ ఋతువునను శూన్యము గాదు, వేటగానికి ఏనాడును కొఱత లేదు. చలినాటికై దాచుకొనిన ఈ సంపదయే తాళ్లు పేనువారికి నూనెగా అమ్ముడుపోయెను!

ఇంత మెల్లగా సంతానము బడయు జాతి అట్టి వధకు ఓర్చునా? ఉత్తరపుకొసనున్న రాజపెంగ్విన్ల స్థావరము పూర్తిగా అంతరించెను, లూసిటానియా పలుచబడెను. హాచ్ అంతటితో విరమింపక, చిన్నవైనను లక్షలుగా నున్న రాయల్ పెంగ్విన్లపైకి మరలెను. అన్వేషకుడు డగ్లస్ మాసన్ ప్రభృతులు చేసిన ఆందోళనము ఫలించి, టాస్మేనియా ప్రభుత్వము అనుమతి పొడిగింప నిరాకరింపగా, 1920 నాటికి ఆ పని నిలిచిపోయెను. 1933లో దీవి వన్యప్రాణులకు రక్షితస్థల మయ్యెను. 1930లో లూసిటానియాలో కొన్నివేలు మాత్రమే మిగిలియుండిన రాజపెంగ్విన్లు, తుప్పుపట్టిన ఆ ఇనుపపాత్రల చుట్టునే మరల పిల్లలను పెంచి, 1980 నాటికి రెండులక్షలు దాటినవి.